మన చేనికి లెక్క రాసిన కలెక్టర్ – సర్ థామస్ మన్రో



మీ ఇంట్లో పట్టాదారు పాసుపుస్తకం ఉంటే ఒకసారి బయటికి తీయండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు కనిపిస్తాయి. ప్రతి చేనునూ కొలిచి, రైతు పేరుమీదే లెక్క రాసే రైత్వారీ పద్ధతి మన సీమలో వేళ్లూనడానికి ముఖ్య కారకుడు సర్ థామస్ మన్రో. ఈ నెల ఆయన కథను మీ పిల్లలకు చదివి వినిపించండి.

మన్రో 1761లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టారు. తండ్రిది వర్జీనియాతో పొగాకు వ్యాపారం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో అది దెబ్బతింది. చిన్నప్పుడు తట్టు సోకి మన్రోకు వినికిడి తగ్గింది. అయినా 18 ఏళ్లకే ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి, 1780లో మద్రాసులో దిగారు. హిందుస్తానీ, పారసీ నేర్చుకున్నారు. 1792 నుంచి సేలం ప్రాంతంలో రెవెన్యూ పని ఒంటబట్టించుకున్నారు.

1800లో నిజాం కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను, కర్నూలులో కొంత భాగాన్ని కంపెనీకి అప్పగించాడు. ఆ దత్తమండలాలకు మన్రో తొలి ప్రిన్సిపల్ కలెక్టర్. ఏడేళ్లపాటు ఎక్కువగా గుడారాల్లోనే బసచేస్తూ ఊరూరా తిరిగారు. 33 అడుగుల గొలుసుతో పొలాలు కొలిపించారు. నేల సారాన్ని బట్టి తరం కట్టి, శిస్తు నిర్ణయించారు. మధ్యవర్తి లేకుండా రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే ఏర్పాటు చేశారు.

అయితే ఆ శిస్తు బరువైనది. వాన తప్పితే పంట లేని నేల మనది. ఆ సంగతి గ్రహించిన మన్రో 1807లో శిస్తు నాలుగో వంతు తగ్గించాలని, బావుల కింది భూములకు ఇంకా ఎక్కువ తగ్గించాలని సిఫారసు చేశారు. పైవాళ్లు ఒప్పుకోలేదు. ఊళ్లను గుత్తకిచ్చారు. రైతులూ గుత్తదారులూ చితికిపోయారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరయ్యాక రైత్వారీ తిరిగి వచ్చింది, తగ్గింపూ అమలైంది.

పిల్లలకు రెండో వైపు కూడా చెప్పండి. పాలెగాళ్లను సైన్యంతో అణచివేసి, వారి అధికారం లాక్కున్నదీ ఈయనే. ఆయన కొలిపించిన ప్రతి ఎకరా కంపెనీ ఖజానా కోసమే.

తల్లిదండ్రులుగా మీకు ఆసక్తి కలిగించే సంగతి ఇంకొకటి. 1822లో మన్రో రాజధాని అంతటా ఊరి బడుల లెక్క తీయించారు. 12,498 బడులు, సుమారు 1,88,000 మంది విద్యార్థులు తేలారు. జిల్లాకూ తాలూకాకూ సర్కారు బడులుండాలని 1826లో ప్రతిపాదించారు.

పదవి వదిలి స్వదేశానికి వెళ్లేముందు తన పాత సీమను మరోసారి చూడాలని బయలుదేరారు. 1827 జులై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో కన్నుమూశారు. గుత్తిలో సమాధి చేసి, తర్వాత అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకంగా బావి తవ్వించారు, తోట వేయించారు. వేంపల్లె దగ్గరి గండిలో, ఎవరికీ కనబడని బంగారు తోరణం ఆయన కంటబడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న వాళ్లూ ఉన్నారు.

ఈ నెల ఇంటిపని: సెలవుల్లో ఊరెళ్లినప్పుడు మీ పిల్లల్ని చేని దగ్గరికి తీసుకెళ్లండి. పాసుపుస్తకం చేతికిచ్చి, గట్లు చూపించి, సర్వే నంబరు చదివించండి. పొలం లేకపోతే, ఊళ్లో పెద్దల్ని అడిగి సర్వే రాయి ఎక్కడుందో చూపించండి.