గాలిని చక్రంలో బంధించిన డన్‌లప్

అమరావతి స్తూప శిల్పాలను చూసినవారు స్తంభంపై నిలిచి పూజలందుకొంటున్న ధర్మచక్రాన్ని మరువలేరు. సుమారు రెండు వేల ఏండ్ల క్రిందటి శిల్పి చక్రాన్ని ధర్మానికి చిహ్నంగా మలచినాడు. ఆ స్తూపం చుట్టుపట్ల పల్లెల్లోని రైతు మాత్రం చక్రాన్ని మరొక విధంగా ఎరిగినవాడు. వానకు నానిన నల్లరేగడిలో సన్నని ఇనుప పట్టా వేసిన బండిచక్రం దిగబడితే కాడి క్రింద ఎడ్ల మెడలు నలిగిపోయేవి. ఆ చక్రాలను తీసివేసి, గాలి నింపిన వెడల్పాటి టైర్లను తగిలించిన నాడు మన పల్లెలకు టైరు బండి వచ్చింది. దేశంలో కొన్నిచోట్ల దానిని డన్‌లప్ బండి అనికూడా పిలుస్తారు.

ఆ పేరు మోసిన మనిషి ఎవరు? ఆయన జీవితం మనకేమి బోధిస్తున్నది? నేడు కొత్త కారు కొన్న యువకుడు దానితో వచ్చిన చక్రాలను విప్పించి, మెరిసే అల్లాయ్ చక్రాలు, వెడల్పు టైర్లు బిగించుకొనడానికి ఉబలాటపడుతున్నాడు. కనుక ఈ ప్రశ్నలకు సమాధానం తెలుసుకొనడం మనకు అవసరమే.

జాన్ బాయిడ్ డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండులోని డ్రెగ్‌హార్న్ గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. ఎడిన్‌బరోలో పశువైద్యం అభ్యసించి, 1867లో ఐర్లండు చేరుకొన్నాడు. కాలక్రమేణ బెల్‌ఫాస్టు నగరంలో పెద్ద పశువైద్యశాలను నెలకొల్పి పేరు గడించాడు. ఆయన ఇంజనీరు కాడు. యంత్రశాలలో పనిచేసినవాడూ కాడు. మూగజీవుల బాధను కనిపెట్టి చికిత్స చేయడమే ఆయన వృత్తి. తన వృత్తికి కావలసిన రబ్బరు పరికరాలను తానే చేసుకొనే అలవాటు ఉండడంచేత రబ్బరు గుణం ఆయనకు బాగా తెలిసింది.

ఆ రోజుల్లో సైకిళ్లకు గట్టి రబ్బరు టైర్లుండేవి. బెల్‌ఫాస్టు వీధులు రాళ్లు పరచినవి. తన కుమారుడు మూడు చక్రాల సైకిలు తొక్కుతూ పడే కుదుపులను చూసిన డన్‌లప్ 1887లో ఒక ఉపాయం ఆలోచించాడు. పలుచని రబ్బరుతో గొట్టం చేసి, గుండ్రని చెక్కపలక అంచున అమర్చి, గుడ్డతో బిగించి, బంతికి గాలికొట్టే పంపుతో గాలి నింపాడు. ఆ చెక్కచక్రాన్నీ, కుమారుని సైకిలు చక్రాన్నీ తన ఇంటి పెరటిలో ఒకదాని తరువాత ఒకటి దొర్లించి చూశాడు. సైకిలు చక్రం కొంతదూరం పోయి పడిపోయింది. గాలిచక్రం పెరడంతా దాటిపోయి ఎదుటనున్న తలుపుకు కొట్టుకొన్నది. ఊహించినంతమాత్రాన ఆయన నమ్మలేదు. పాతదాని ప్రక్కన కొత్తదానిని నిలిపి పరీక్షించిన పిమ్మటనే నమ్మాడు. 1888లో పేటెంటు పొందాడు.

లోకం వెంటనే జేజేలు పలికిందా? లేదు. లావుపాటి ఆ టైర్లను చూసి జనం పకపక నవ్వినారు. 1889 మే మాసంలో బెల్‌ఫాస్టు క్వీన్స్ కళాశాల ఆటల పోటీలలో విల్లీ హ్యూమ్ అనే యువకుడు గాలిటైర్ల సైకిలుపై పాల్గొని విజయాలు సాధించిన తరువాత ఆ నవ్వులు ఆగిపోయినవి. పిదప లివర్‌పూల్‌లోను అతడు గెలుపొందాడు. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన సూక్ష్మమొకటి ఉన్నది. ఆనాటి పందెపు సైకిలు చట్రం సన్నని టైరుకోసం చేసినది. లావు టైరు అందులో ఇమడదు. అందుచేత గాలిటైర్లకు తగిన సైకిళ్లనే ప్రత్యేకంగా తయారుచేయవలసి వచ్చింది. టైరు మారితే చట్రమూ మారినది.

హార్వీ డు క్రాస్ అనే వ్యాపారి పూనికతో డబ్లినులో కంపెనీ వెలసింది. ఇంతలోనే పిడుగుపాటు. డన్‌లప్ కంటె నలువది ఏండ్లకు పైగా ముందే, 1845లో, రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరొక స్కాట్లండువాసి గాలిచక్రానికి పేటెంటు పొందియుండెనని 1890లో వెల్లడైంది. డన్‌లప్‌కు ఆ సంగతి తెలియదు. అయినను చట్టం ముందు ఆయన హక్కు నిలువలేదు. మరొకరైతే క్రుంగిపోయేవారే. ఆయన మాత్రం కంపెనీని వదలక మరికొన్ని సంవత్సరాలు కృషి కొనసాగించాడు. బార్ట్‌లెట్, వెల్చ్ అనేవారు కనిపెట్టిన కొత్త పద్ధతుల హక్కులను కంపెనీ సంపాదించింది. వాటివల్ల టైరును రిమ్ముకు గట్టిగా పట్టి ఉంచడం, పంక్చరైనప్పుడు ఊడదీయడం సులభమైనవి. టైరు ఒక్కటే గొప్పదైతే చాలదు, దానిని పట్టే రిమ్ము కూడా తగినదై ఉండాలన్నది ఆ కంపెనీ చరిత్ర చెప్పిన పాఠం.

1896లో ఆ వ్యాపారం ముప్పది లక్షల పౌండ్లకు అమ్ముడైనది. అప్పటికే దానినుండి వైదొలగిన డన్‌లప్‌కు ఆ మహా సంపదలో చెప్పుకోదగిన భాగమేమీ దక్కలేదు. 1921 అక్టోబరు 23వ తేదీన డబ్లినులో ఆయన కన్నుమూశాడు. ఆయన పేరుతో 1936లో మన దేశంలో వంగదేశపు సాహాగంజ్ వద్ద టైర్ల కర్మాగారం వెలసింది.

ఇక కారు సంగతికి వద్దాం. టైరు ప్రక్కన 205/55 ఆర్ 16 అని ఉన్నదనుకొందాం. 205 మిల్లీమీటర్లు దాని వెడల్పు. ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 55 వంతులు. రిమ్ము వ్యాసం 16 అంగుళాలు. వెడల్పు టైరు పొడిరోడ్డు మలుపులో పట్టు పెంచగలదు. కాని వాననీటిపై వేగంగా పోయేటప్పుడు అదే టైరు నీటిపొరమీద తేలి పట్టు విడిచే ప్రమాదమూ హెచ్చు. మొత్తం వ్యాసం మారితే స్పీడోమీటరు తప్పు చెప్పును. రిమ్ము బయటికి పొడుచుకొని వస్తే బేరింగులపై భారం పెరుగును. స్టీరింగు తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డును రాయును. తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను శాసిస్తున్నది. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం గనుకనే చట్టం కలుగజేసుకొన్నది.

విద్యార్థులారా! డన్‌లప్ చక్రాన్ని మార్చినది చూపరుల మెప్పుకోసం కాదు, పసివాని కుదుపు తగ్గించడానికి. మార్చే ముందు పరీక్షించాడు. తనకంటె ముందు మరొకడు ఉన్నాడని తెలిసిన నాడు పని మానలేదు. మన పల్లె రైతు టైరు బండి కట్టినది కూడా ఆడంబరానికి కాదు, ఎడ్ల మెడకు ఊరట కలిగించడానికే. చక్రాన్ని మార్చడమంటే బండినంతా మార్చడమే. కనుక మార్చదలచినవారు మొదట ఎవరి మేలుకోసం మారుస్తున్నామని తమను తాము ప్రశ్నించుకొందురు గాక! అమరావతి శిల్పి చక్రాన్ని ధర్మానికి గుర్తుగా నిలిపినాడు. మన చేతిలోని చక్రం కూడా ఆ గుర్తుకు దూరం కాకూడదని మా ఆకాంక్ష.