తొలి కారును నమ్మిన అమ్మ: బెర్తా బెంజ్



కొత్త కారు కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? మైలేజీ, బ్రేకులు, ఎత్తుల్లో లాగే శక్తి, దూర ప్రయాణంలో నమ్మకం. ఇవన్నీ మొట్టమొదట రోడ్డు మీద పరీక్షించింది ఇంజినీరు కాదు, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని పుట్టింటికి బయలుదేరిన ఒక తల్లి. ఆమె పేరు బెర్తా బెంజ్. ఈ నెల ఆమె గురించి మీరూ చదవండి, మీ పిల్లలకూ చెప్పండి.

బెర్తా 1849 మే 3న జర్మనీలోని ఫోర్జైమ్ పట్టణంలో పుట్టింది. మళ్లీ ఆడపిల్లే పుట్టిందన్న నిరాశను తండ్రి ఇంట్లోని బైబిల్లో రాసుకున్నాడని, ఆ మాట పెరిగే వయసులో ఆమె కంటపడిందని చెబుతారు. ఆ బాధను ఆమె పట్టుదలగా మార్చుకుంది.

యంత్రాల పిచ్చి ఉన్న కార్ల్ బెంజ్ అనే పేద ఇంజినీరును ఆమె ఇష్టపడింది. అతని వర్క్‌షాపు భాగస్వామితో గొడవల వల్ల మునిగిపోయే స్థితికి వస్తే, పెళ్లి కాకముందే తన కట్నం డబ్బు తెప్పించి, ఆ భాగస్వామి వాటా కొనిపించింది. 1872లో వాళ్ల పెళ్లయింది. తర్వాత ఏళ్ల తరబడి అప్పులూ ఇబ్బందులే. అయినా ప్రయోగాలు ఆగలేదు. 1886 జనవరి 29న కార్ల్ మూడు చక్రాల మోటారు బండికి పేటెంట్ దరఖాస్తు చేశాడు. పెట్టుబడి ఆమెదైనా పేరు మాత్రం ఆయనదే. అప్పటి చట్టాల్లో పెళ్లయిన స్త్రీ ఆస్తి మీద పెత్తనం భర్తది.

బండి తయారైంది కానీ కొనేవాళ్లు లేరు. గుర్రం లేకుండా నడిచే బండిని చూసి జనం భయపడేవారు. కార్ల్‌కేమో ఎంత చేసినా ఇంకా మెరుగు పెట్టాలనే తపన. బండిని ధైర్యంగా జనం ముందుకు తీసుకెళ్లే స్వభావం కాదు. దీనికి మాటలతో పని జరగదని బెర్తాకు అర్థమైంది.

1888 ఆగస్టు. బడికి సెలవులు. ఒకరోజు తెల్లవారకముందే, భర్తకు చెప్పకుండా, 15 ఏళ్ల ఓయ్‌గెన్‌ను, 13 ఏళ్ల రిషార్డ్‌ను తీసుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జైమ్‌కు బయలుదేరింది. దాదాపు 105 కిలోమీటర్లు. అంతకుముందు ఎవరూ కారులో అంత దూరం వెళ్లలేదు.

దారంతా పరీక్షే. అందులో పట్టే ఇంధనం నాలుగున్నర లీటర్లు. అయిపోతే పోయించుకోవడానికి పెట్రోలు బంకులు ఎక్కడివి? వీస్‌లోఖ్ అనే ఊళ్లో మందుల షాపుకు వెళ్లి, బట్టల మరకలు తీసే ద్రావకాన్ని ఇంధనంగా కొంది. ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకుగా ఆ షాపుకు ఇప్పటికీ పేరు. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో శుభ్రం చేసింది. కరెంటు తీగ అరిగితే మేజోళ్లకు కట్టుకునే పట్టీని దానికి చుట్టింది. చైను పాడైతే కమ్మరి చేత బాగు చేయించింది. బ్రేకుల చెక్క అరిగిపోతే చెప్పులు కుట్టే ఆయన చేత తోలు కొట్టించింది. ఇంజను వేడెక్కినప్పుడల్లా నీళ్లు పోశారు. ఎత్తు వస్తే దిగి తోశారు. చీకటి పడే వేళకు అమ్మమ్మ ఊరు చేరి, కార్ల్‌కు టెలిగ్రాం కొట్టారు.

కొద్ది రోజుల తర్వాత తిరిగొచ్చి, దారిలో కనబడిన లోపాలన్నీ ఆమె భర్తకు చెప్పింది. ఎత్తులు ఎక్కడానికి ఇంకో గేరు కావాలన్నది ఆ సలహాల్లో ముఖ్యమైనది. ఆ తోలు ముక్కే నేటి బ్రేక్ లైనింగ్‌కు తొలి రూపం. సెప్టెంబరులో మ్యూనిక్ ప్రదర్శనలో ఆ బండికి బంగారు పతకం వచ్చింది. 1899లో వాళ్ల కంపెనీ 572 వాహనాలు తయారు చేసి, ప్రపంచంలోనే పెద్ద కార్ల కంపెనీగా నిలిచింది.

కార్ల్ 1929లో చనిపోయాడు. 1944లో బెర్తా 95వ పుట్టినరోజున కార్ల్స్‌రూహే సాంకేతిక విశ్వవిద్యాలయం ఆమెను గౌరవ సెనేటర్‌గా సత్కరించింది. రెండు రోజులకే ఆమె కన్నుమూసింది.

దీన్ని చదివి 15 ఏళ్ల పిల్లాడికి బండి తాళాలు ఇవ్వకండి! మన చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. బెర్తా కొడుకులకు ఇచ్చింది పనిలో భాగం. ఎత్తు వచ్చినప్పుడు దిగి తోసే అవకాశం ఇచ్చింది. అమ్మ ఒక్కో ఇబ్బందిని చేతిలో ఉన్న వస్తువుతోనే దాటడం వాళ్లు దగ్గరుండి చూశారు. ఏ ట్యూషనూ నేర్పలేని పాఠం అది.

ఈ సెలవుల్లో మీరూ ఒకటి చేయండి. కారో స్కూటరో సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. అరిగిన బ్రేక్ ప్యాడ్ చూపించమని మెకానిక్‌ను అడగండి. ముఖ్యంగా అమ్మాయిని ఇంట్లో వదిలి వెళ్లకండి.