ప్రజల బండి, యుద్ధపు బండి: ఫెర్డినాండ్ పోర్షే జీవితం

సరిహద్దు గ్రామాల్లో పుట్టి పెరిగిన మనకు ఒక సంగతి పుస్తకాలు చెప్పకుండానే తెలుసు. మనిషి ఉన్నచోటనే ఉంటాడు. హద్దు గీత మాత్రం అతని ఇంటి ముందు నుంచి వెనుకకు జరిగిపోతుంది. ఇంట్లో ఒక భాష, కచేరీలో మరొక భాష, బడిలో రెండూ. 1953లోనూ 1956లోనూ రాష్ట్రాల హద్దులు మారినప్పుడు మన పెద్దలు ఈ అనుభవాన్ని చవిచూశారు. యూరప్ ఖండంలో ఇటువంటి ప్రాంతంలోనే పుట్టి, ఒకే జీవితంలో మూడు రాజ్యాల పౌరుడైన ఒక రేకుపనివాని కుమారుడు ప్రపంచంలో అందరికీ తెలిసిన ఒక కారును రూపొందించాడు. ఆయన పేరు ఫెర్డినాండ్ పోర్షే. ఆ కారు బీటిల్. దాని గుండ్రని రూపాన్ని ఎరిగినవారు కోట్లమంది. అది యుద్ధకాలంలో ఎలా పుట్టిందో ఎరిగినవారు తక్కువ.

పోర్షే 1875 సెప్టెంబరు 3వ తేదీన బొహీమియాలోని మాఫెర్స్‌డార్ఫ్ గ్రామంలో జన్మించాడు. అది నాడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోనిది. నేడు చెక్ రిపబ్లిక్‌లో వ్రాతిస్లావిత్సే అనే పేరుతో ఉన్నది. ఊరివారు జర్మన్ మాట్లాడేవారు. చుట్టుపట్ల చెక్ భాష. తండ్రి ఆంటన్ రేకుపనిలో పేరుగాంచినవాడు. కుమారుడు తన కొలిమి, సుత్తి అందుకోవాలని ఆయన ఆశ. కుమారుని మనస్సు మాత్రం అప్పుడప్పుడే ఆ ప్రాంతానికి వస్తున్న విద్యుత్తు మీద లగ్నమైంది. పగలు తండ్రి వద్ద పనిచేసి, రాత్రి పొరుగు పట్టణమైన రైఖెన్‌బెర్గ్‌లోని సాంకేతిక పాఠశాలకు వెళ్ళి చదివేవాడు. పద్దెనిమిదవ ఏట, 1893లో, తమ ఇంట్లో విద్యుద్దీపాలు వెలిగించాడు. ఆ ఏడాదే వియన్నా నగరం చేరి ఒక విద్యుత్ పరికరాల సంస్థలో చేరాడు. ఇంజనీరింగ్ పట్టం ఆయన ఎన్నడూ చదివి పొందలేదు. కాలేజీలో విద్యార్థిగా పేరు లేకపోయినా పాఠాలు వినడానికి వెళ్ళి కూర్చునేవాడట.

చక్రంలో మోటారు

వియన్నాలో లోనర్ అనే గుర్రపుబండ్ల తయారీ సంస్థ కార్ల వైపు మళ్ళుతున్న రోజులవి. 1898లో అక్కడ చేరిన పోర్షే, మోటారును చక్రం మధ్యనే అమర్చే పద్ధతిని రూపొందించాడు. 1900లో ప్యారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఆ బండి చూపరులను ఆశ్చర్యపరిచింది. నేడు మన వీధుల్లో తిరిగే విద్యుత్ స్కూటర్లలో చాలావాటికి మోటారు వెనుక చక్రంలోనే ఉంటుంది. ఆ ఆలోచనకు నూరేళ్ళకు పైబడిన వయస్సున్నది. బ్యాటరీ బరువు తగ్గించడానికి పెట్రోలు ఇంజనుతో విద్యుత్తు పుట్టించి, దానితో చక్రాలు తిప్పే మరో బండిని కూడా ఆయన తయారుచేశాడు. ఈ పద్ధతిని గుర్తుంచుకోవాలి. నలభై ఏళ్ళ పిదప ఇది మరొక రూపంలో తిరిగి వస్తుంది.

1906లో ఆస్ట్రో-డైమ్లర్ సంస్థకు సాంకేతిక అధిపతి అయ్యాడు. మొదటి ప్రపంచయుద్ధంలో భారీ ఫిరంగులను లాగే యంత్రాలు నిర్మించాడు. 1917లో వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1918లో సామ్రాజ్యం కూలింది. పుట్టిన ఊరు చెకోస్లొవేకియాలో చేరడంతో పోర్షే ఆ దేశపు పౌరుడయ్యాడు. తరువాత జర్మనీలో డైమ్లర్, ఆస్ట్రియాలో స్టైర్ సంస్థలలో పనిచేశాడు. మంచి ఇంజనీరే కాని, ఖర్చు విషయంలో యజమానులతో పొసగేది కాదు. చివరకు 1931లో స్టుట్‌గార్ట్ నగరంలో సొంత డిజైన్ కార్యాలయం తెరిచాడు.

ప్రజల కారు అనే ఆశ

సామాన్యుడు కొనగల చిన్న కారును తయారుచేయాలన్న కోరిక ఆయనకు చాలాకాలంగా ఉన్నది. ఆ కోరిక ఆయన ఒక్కనిదే కాదు. చెకోస్లొవేకియాలోని టాట్రా సంస్థలో హాన్స్ లెడ్‌వింకా వెనుకభాగాన గాలితో చల్లబడే ఇంజనున్న కార్లను నిర్మించాడు. జర్మనీలో యోసెఫ్ గాంజ్ అనే యూదు ఇంజనీరు ప్రజల కారు కోసం పత్రికల్లో పోరాడి, ఆయన నమూనా ఆధారంగా తయారైన చిన్న కారును 1933లో బెర్లిన్ ప్రదర్శనలో చూడగలిగాడు. అదే సంవత్సరం నాజీలు ఆయనను నిర్బంధించారు. విడుదలైన పిమ్మట దేశం విడిచి వెళ్ళి, 1967లో ఆస్ట్రేలియాలో, ఎవరికీ పెద్దగా తెలియకుండానే మరణించాడు. టాట్రా సంస్థ వేసిన దావాలో 1960లలో వోక్స్‌వ్యాగన్ పరిహారం చెల్లించి రాజీపడింది. బీటిల్ పోర్షే చేతిలో పూర్తిరూపం పొందిన మాట నిజం. ఆ రూపంలో ఇతరుల ఆలోచనలూ కలిసి ఉన్నవన్నదీ అంతే నిజం.

1933లో అధికారంలోకి వచ్చిన హిట్లర్, వేయి మార్కులలోపు ధరకు కారు కావాలని కోరాడు. 1934 జూన్ 22న పోర్షేతో ఒప్పందం కుదిరింది. ఆ ఏడాదే ఆయనకు జర్మన్ పౌరసత్వం లభించింది. 1937లో నాజీ పార్టీలో చేరాడు, అనంతరం ఎస్.ఎస్. దళంలో గౌరవ హోదా కూడా పొందాడు. ఆయనకు రాజకీయాలు పట్టవనీ, యంత్రాలే లోకమనీ అభిమానులు రాస్తుంటారు. రాజకీయం పట్టని మనిషికి రాజకీయమే అడిగినంత ధనాన్ని, నిర్మించినంత కర్మాగారాన్ని ఇచ్చింది. ఆయన కాదనలేదు.

1938 మే 26న ఫాలర్స్‌లెబెన్ సమీపంలో కర్మాగారానికి హిట్లర్ శంకుస్థాపన చేశాడు. కార్మిక సంఘాలను రద్దుచేసి స్వాధీనం చేసుకున్న ఆస్తి అందులో పెట్టుబడిగా మారింది. కారు ధర 990 మార్కులు. చీటీ కట్టినట్టు వారానికి 5 మార్కుల స్టాంపు కొని పుస్తకంలో అంటించుకోవాలి. మధ్యలో మానేస్తే కట్టిన సొమ్ము తిరిగి రాదు, వడ్డీ లేదు. దాదాపు 3,36,000 మంది ఈ పొదుపులో చేరారు. వారిలో యుద్ధం ముగిసేలోగా కారు అందుకున్నవారు ఒక్కరు కూడా లేరు. కూడబెట్టి, ఆశపడి, మోసపోవడం ఎలా ఉంటుందో మన పల్లె కుటుంబాలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ పొదుపరులు కోర్టుకెక్కి, 1961లో పొందిన పరిష్కారం ఇది: కొత్త కారు కొంటే 600 మార్కుల వరకు తగ్గింపు, లేదా చేతికి 100 మార్కులు.

కారు సైనికుని వేషం వేసింది

1939 సెప్టెంబరు 1న రెండవ ప్రపంచయుద్ధం మొదలైంది. ఆ నెలలోనే బెర్లిన్ నుంచి రోమ్ వరకు జరగవలసిన పరుగుపందెం కోసం పోర్షే కార్యాలయం అల్యూమినియం శరీరంతో మూడు కార్లు తయారుచేసి ఉంచింది. పందెం రద్దయింది. కొత్త కర్మాగారంలో సామాన్యుని కారు బదులు సైనిక వాహనం తయారవసాగింది. కూబెల్‌వాగన్ అనే ఈ పైకప్పులేని తేలికపాటి బండి, ప్రజల కారు చట్రం మీదనే, 1940 నుంచి తయారైంది. నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటు లేకున్నా, బరువు తక్కువ కావడం, నేల నుంచి ఎత్తుగా ఉండటం వల్ల ఇసుకలోనూ బురదలోనూ సాగేది. ఇంజను గాలితో చల్లబడేది గనుక ఆఫ్రికా ఎడారిలో మరిగే నీరు లేదు, రష్యా చలిలో గడ్డకట్టే నీరూ లేదు. సామాన్యుని ఖర్చు తగ్గించడానికి చేసిన ఏర్పాటే సైన్యానికి వరమైంది. ఇటువంటివి సుమారు 50,000 తయారయ్యాయి. వెనుక మడతపెట్టే పంఖా దించి నీటిలో ఈదగల ష్విమ్‌వాగన్ అనే మరో రకం 14,000 పైచిలుకు వచ్చాయి.

మరి అసలు ప్రజల కారు? 1941 నుంచి 1944 వరకు తయారైనవి కేవలం 630. అవి అధికారులకు, పార్టీ పెద్దలకు చేరాయి.

పోర్షే యుద్ధ ట్యాంకులు కూడా రూపొందించాడు. పెట్రోలు ఇంజనుతో విద్యుత్తు పుట్టించి నడిపే తన పాత పద్ధతినే వాటిలో పెట్టాడు. ఆ నమూనా పోటీలో నెగ్గలేదు. అప్పటికే తయారై ఉన్న సుమారు 90 చట్రాల మీద పెద్ద ఫిరంగులు అమర్చి, ఆయన పేరిట ఫెర్డినాండ్ అని పిలిచి, 1943 జూలైలో కుర్‌స్క్ యుద్ధానికి పంపారు. నేడు మిగిలినవి రెండే: ఒకటి రష్యాలో, ఒకటి అమెరికా సైన్యం వద్ద. ప్యారిస్‌లో జనం చప్పట్లు కొట్టిన ఆలోచన చేరిన చోటు అది.

కర్మాగారంలో చేతులు ఎవరివి?

జర్మన్ యువకులు యుద్ధానికి పోయారు. కర్మాగారాన్ని నడిపినవారు పోలండ్, సోవియట్ యూనియన్, ఫ్రాన్స్, ఇటలీ తదితర దేశాల నుంచి తెచ్చిన బలవంతపు కార్మికులు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల బందీలు. యుద్ధకాలంలో అక్కడ వెట్టి చేసినవారు మొత్తం సుమారు 20,000 మంది. యాజమాన్యంలో పోర్షే, ఆయన అల్లుడు ఆంటన్ పీయెష్ అగ్రస్థానంలో ఉన్నారు.

అన్నింటికన్నా హృదయవిదారకమైనది రూయెన్ గ్రామపు శిశుగృహం కథ. తూర్పు దేశాల కార్మిక స్త్రీలకు పుట్టిన బిడ్డలను తల్లుల నుంచి వేరుచేసి అక్కడ ఉంచారు. పాలు చాలక, శుభ్రత లేక, రోగాలతో 1944, 1945లలో సుమారు 365 మంది పసికందులు మరణించారు. బాధ్యుడైన కర్మాగార వైద్యునికి బ్రిటిష్ సైనిక న్యాయస్థానం మరణశిక్ష విధించగా, 1947లో అమలైంది. ఈ విషయమై పోర్షేను ఎవరూ విచారించలేదు. కాని ఆ శిశువుల తల్లులు పనిచేసింది ఆయన యాజమాన్యంలోని కర్మాగారంలోనే.

చివరి రోజులు

1945 ఏప్రిల్‌లో అమెరికన్ సేనలు కర్మాగారానికి చేరాయి. ఆ డిసెంబరులో ఫ్రెంచివారు పోర్షేను నిర్బంధించారు. ప్యారిస్‌లో రెనో సంస్థవారి చిన్న కారుపై ఆయన సలహా తీసుకొని, పిదప దిజోన్ జైలులో ఉంచారు. 1947 ఆగస్టు 1న పూచీకత్తు సొమ్ము చెల్లించిన మీదట విడుదలయ్యాడు; ఆ సొమ్ము ఆయన కుమారుడు ఫెరీ ఇటలీవారికి పందెపు కారు రూపొందించి సంపాదించినది. ఆ కుమారుడే ఆస్ట్రియాలోని గ్ముండ్‌లో 1948 జూన్‌లో పోర్షే పేరు గల తొలి కారును రోడ్డెక్కించాడు.

సొంత ఊరు మాత్రం పరాయిదైంది. యుద్ధానంతరం చెకోస్లొవేకియా నుంచి దాదాపు 30 లక్షల మంది జర్మన్ భాషీయులను వెళ్ళగొట్టారు. తరాల నాటి ఇళ్ళు, శ్మశానాలు వెనుక మిగిలాయి. పోర్షే 1951 జనవరి 30న స్టుట్‌గార్ట్‌లో కన్నుమూశాడు. ఆస్ట్రియాలోని ట్సెల్ ఆమ్ జే వద్ద కుటుంబ ఎస్టేటులోని ప్రార్థనాలయంలో సమాధి చేశారు.

ఆయన కన్నుమూసే నాటికే బ్రిటిష్ అధికారి ఐవాన్ హర్స్ట్ పూనికతో కర్మాగారం మళ్ళీ నిలిచి, బీటిల్ నిజంగానే ప్రజల కారు కావడం మొదలైంది. 2003 జూలై 30న మెక్సికోలో చివరి బండి వెలువడేసరికి మొత్తం 2,15,29,464 తయారయ్యాయి.

మిగిలినవి

రోమ్ పందేనికి సిద్ధమైన మూడు కార్లలో పూర్తిగా మిగిలింది ఒక్కటే. కుడిచేయి చచ్చుబడిన ఆస్ట్రియా పందెగాడు ఒట్టో మాథె దానిని 1949లో కొని, 1995లో మరణించేదాకా తన వద్దే ఉంచుకున్నాడు. 2019లో అమెరికాలో వేలానికి వచ్చినా అమ్ముడుపోలేదు. యుద్ధానికి ముందు నాటి నమూనా బీటిళ్ళు వేళ్ళమీద లెక్కించదగినన్ని. యుద్ధకాలపు ఆ 630లో మిగిలినవీ కొద్దిపాటే. కూబెల్‌వాగన్లు, ష్విమ్‌వాగన్లు ఐరోపా, అమెరికా మ్యూజియాలలోనూ, అభిరుచి గలవారి షెడ్లలోనూ ఉన్నాయి. తుప్పు తుడిచి, ప్రతి మరనూ వెతికి తెచ్చి బిగిస్తారు.

మనుషుల లెక్క సరిచేయడానికి ఎక్కువ కాలం పట్టింది. వోక్స్‌వ్యాగన్ సంస్థ కోరిక మీద హాన్స్ మామ్‌సెన్, మాన్‌ఫ్రెడ్ గ్రీగర్ అనే చరిత్రకారులు రాసిన బృహద్గ్రంథం 1996లో వెలువడింది. బలవంతపు కార్మికులలో బ్రతికి ఉన్నవారికి 1998లో సంస్థ సహాయనిధి ఏర్పాటుచేసింది. 1999లో కర్మాగారంలోని పాత బాంబు రక్షణగృహంలో స్మృతి ప్రదర్శన తెరిచారు. పోర్షే పుట్టిన ఊళ్ళో కూడా చర్చ సాగింది. ఇది ఆయన జన్మస్థలమని చెప్పే బోర్డులను, నాజీలతో సంబంధం వల్ల వచ్చిన నిరసనలతో 2013లో తొలగించారు.

ఆ బోర్డు ఉండాలా, తీయాలా అన్నది ఆ ఊరివారి తగవు. పాఠం చెప్పేవానిగా నాకు తోచేది వేరు. రేకుపనివాని ఇంట పుట్టి, రాత్రిబడిలో చదివి ఎదిగిన కుర్రవాని కథ మన పిల్లలకు తప్పక చెప్పదగినది. కాని కథను అంతటితో ఆపకూడదు. విద్య నేర్చిన చేయి ఎవరి పని చేస్తున్నదో, ఆ పనికి ఎవరి చెమట, ఎవరి బిడ్డ ఖర్చవుతున్నదో అడిగి తెలుసుకునే బాధ్యత కూడా ఆ విద్యలో భాగమేనని చెప్పి ముగించాలి. పోర్షే తన జీవితంలో ఎన్నో యంత్రాలకు సమాధానం కనుగొన్నాడు. ఈ ఒక్క ప్రశ్న మాత్రం వేసుకున్నట్టు కనిపించదు.