తెర ముందూ, తెర వెనుకా: మహానటి సావిత్రి

మన శిరివెళ్ల వైపు పెద్దవాళ్లు నలుగురు కూర్చుని పాత సినిమాల మాట ఎత్తితే సావిత్రి గారి పేరు రాక మానదు. ఆ పేరు వెంటే మరో మాట కూడా వస్తుంది. ఎంత సంపాదించింది, ఎంత పోగొట్టుకుంది అని నిట్టూరుస్తారు. ఆమె కన్నుమూసి నలభై ఏళ్లు దాటినా ఇంకా ఆ లెక్కే వేస్తున్నాము. సర్కారు ఆఫీసులో గుమాస్తాగా ఏళ్ల తరబడి లెక్కలు రాసినవాణ్ణి గనుక ఒక మాట మనవి చేస్తాను. ఖర్చుల పేజీ ఒక్కటే చూసి ఏ పద్దూ ముగించకూడదు. జమ పేజీ కూడా తిప్పి చూడాలి.

సావిత్రి గారు గుంటూరు జిల్లా చిర్రావూరులో నిశ్శంకర వారింట జన్మించారు. నెలల పిల్లగా ఉండగానే తండ్రి గురవయ్య గారు పోయారు. తల్లి సుభద్రమ్మ గారు పిల్లలతో విజయవాడలోని అక్కగారింటికి చేరారు. పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య గారే ఆమెను పెంచి, నృత్యం నేర్పించి, నాటకాలాడించి, చివరకు మద్రాసు తీసుకువెళ్లారు.

అక్కడ వెంటనే పీట వేసి కూర్చోబెట్టినవారు లేరు. 1950లో వచ్చిన ‘సంసారం’ చిత్రంలో పెద్ద పాత్ర చేతిదాకా వచ్చి తప్పిపోయింది. చిన్న వేషంతో సరిపెట్టుకున్నారు. 1951లో ‘పాతాళభైరవి’లో ఒక నాట్యంలో మాత్రం కనిపిస్తారు. ‘సంసారం’ తీసిన ఎల్.వి. ప్రసాద్ గారే 1952లో ‘పెళ్లి చేసి చూడు’లో ఆమెకు చెప్పుకోదగ్గ వేషం ఇచ్చారు. మరుసటి ఏడు ‘దేవదాసు’లో పార్వతి పాత్రతో తెలుగునాట ఆమె పేరు తెలియని ఇల్లు లేకుండా పోయింది. 1955లో ‘మిస్సమ్మ’ విషయం మరీ చిత్రం. ఆ పాత్ర మొదట భానుమతి గారిది. సావిత్రి గారిని రెండో పాత్రకు అనుకున్నారు. భానుమతి గారు తప్పుకోవడంతో మేరీ పాత్ర ఈమెకు వచ్చింది, ఈమె చేయవలసినది జమున గారికి వెళ్లింది.

‘మాయాబజార్’ గురించి మన రాయలసీమవాళ్లకు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. 1957లో దాన్ని తీసిన కె.వి. రెడ్డి గారిది తాడిపత్రి. నిర్మాతలలో ఒకరైన నాగిరెడ్డి గారిది కడప జిల్లా. మా చిన్నతనంలో టూరింగ్ టాకీసులో నేల టికెట్టు కొని చూసిన చిత్రం అది. శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు వచ్చే ఘట్టంలో, ఆడపిల్ల ఒంట్లో మగరాక్షసుడి నడకా ఠీవీ చూపించడం సామాన్యమైన పనా? ఎస్.వి. రంగారావు గారి ధోరణిని ఆమె ఎంత శ్రద్ధగా గమనించారో అక్కడ తెలుస్తుంది. 2010లో రంగులద్ది విడుదల చేస్తే మనవలు కూడా చప్పట్లు కొట్టారు.

ఆ తరువాత ‘చివరకు మిగిలేది’, ‘గుండమ్మ కథ’, ‘నర్తనశాల’, ‘మూగమనసులు’ వచ్చాయి. తమిళంలో ‘పాసమలర్’ వంటి చిత్రాలతో నడిగైయర్ తిలగం అనిపించుకున్నారు. అంటే నటీమణులలో తిలకమని అర్థం.

ఇదంతా తెర ముందు కథ. దీనికంటే తక్కువగా చెప్పుకునేది తెర వెనుక కథ. అంత పేరున్న నటి 1968లో దర్శకత్వానికి పూనుకున్నారు. ఆ చిత్రం ‘చిన్నారి పాపలు’. తెలుగులో అంతకుముందు 1953లో భానుమతి గారు ‘చండీరాణి’కి దర్శకత్వం వహించారు. అయితే సావిత్రి గారు ఇంకొక అడుగు ముందుకు వేశారు. తాను దర్శకత్వం వహించడమే కాక, ముఖ్యమైన శాఖలను ఆడవారికే అప్పగించారు. ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’లలో తనకు పాటలు పాడిన పి. లీల గారి చేత సంగీతం చేయించారు. నృత్యాలు రాజసులోచన గారివి, కళాదర్శకత్వం మోహన గారిది.

ఆ రోజుల్లో మన తాలూకా ఆఫీసుల్లో ఆడ ఉద్యోగి ఒక్కరు కనిపిస్తేనే విశేషం. అటువంటి కాలంలో లైట్లు, ట్రాలీలు, పదుల కొద్దీ పనివాళ్లు ఉండే సెట్టు మీద ఒక స్త్రీ నిలబడి, ఈ షాటు ఇలా తీయాలి అని చెప్పడం ఎంత ధైర్యమో ఆలోచించండి. ఆ చిత్రానికి డబ్బు రాలేదు. అయినా ఆమె ఆగలేదు. 1969లో దానినే తమిళంలో ‘కుళందై ఉళ్లం’గా తీశారు. అదే ఏడు తెలుగులో ‘చిరంజీవి’, ‘మాతృదేవత’ చిత్రాలకు దర్శకత్వం వహించారు. 1971లో ‘వింత సంసారం’, ‘మూగమనసులు’ కథతో శివాజీ గణేశన్ నటించిన తమిళ చిత్రం ‘ప్రాప్తం’ వచ్చాయి. నాలుగేళ్లలో ఆరు చిత్రాలు! ఆ తరువాత కాలంలో విజయనిర్మల గారు నలభైకి పైగా చిత్రాలకు దర్శకత్వం వహించగలిగారంటే, ఆ బాటలో ముందు నడిచినవారు ఉన్నారన్న సంగతి మరువరాదు.

‘ప్రాప్తం’కు ఆమె సొంత డబ్బు పెట్టారు. అది పోయింది. 1952లో జెమినీ గణేశన్ గారితో జరిగిన వివాహం అప్పటికే చెడింది. ఆదాయపన్ను బకాయిలు మీద పడ్డాయి, ఆస్తులు చేజారాయి, మద్యం అలవాటు ఆరోగ్యాన్ని తినేసింది. ఒకనాడు నగలను దేశ రక్షణ నిధికి ఇచ్చిన చేతితోనే, తరువాత చిన్న చిన్న వేషాలకు ఒప్పుకోవలసి వచ్చింది. 1980లో స్పృహ కోల్పోయి, సుమారు పందొమ్మిది నెలలు అలాగే ఉండి, 1981 డిసెంబరు 26న మద్రాసులో కన్నుమూశారు. యాభై ఏళ్లయినా నిండలేదు.

ఈ భాగమే జనానికి బాగా గుర్తు. అయితే విశ్రాంత ఉద్యోగులమైన మనం దీన్ని కొంచెం వేరుగా చూడాలి. మనకు సర్వీసు రిజిస్టరు ఉంది. జబ్బు చేస్తే సెలవు దొరికేది. ఏటా బతికున్నట్టు ధ్రువపత్రం ఇస్తే నెలనెలా పింఛను బ్యాంకులో పడుతుంది. మనం పోయినా ఇంటావిడకు కుటుంబ పింఛను వస్తుంది. ముప్పై ఏళ్లు పనిచేసిన సావిత్రి గారికి వీటిలో ఒక్కటీ లేదు. పని ఉన్నన్నాళ్లే జీతం. చుట్టూ ఉన్నవారి మాట మీద సంతకాలు పెట్టినవారికి లెక్క చూసిపెట్టే దిక్కు కూడా లేకపోయింది. తాగింది, పోగొట్టుకుంది అని ఒక్క మాటలో తేల్చేసేవారు, మన చేతిలోని పింఛను పుస్తకాన్ని ఒక క్షణం పక్కన పెట్టి ఆలోచించాలి. అది లేకుంటే మనలో ఎందరం నిలబడేవాళ్లం?

ఆమె కథలో జాగ్రత్త పాఠం లేదని అనను. నామినీ పేరు, ఆస్తి కాగితాలు, అప్పుల వివరం ఇంట్లో భార్యకూ పిల్లలకూ తెలిసేలా పెట్టడం మన అందరికీ అవసరమే. ఆఫీసులో ఆ కాగితాలు లేక తిరిగిన విధవరాళ్లను కళ్లారా చూశాను. కానీ ఆ పాఠం చెప్పడానికే ఆమె పుట్టలేదు.

2011లో తపాలా శాఖ ఆమె బొమ్మతో స్టాంపు వేసింది. 2018లో ‘మహానటి’ చిత్రం వచ్చింది, అందులో ఆమె పాత్ర వేసిన కీర్తి సురేష్‌కు జాతీయ పురస్కారం దక్కింది. మా ఇంట్లో పిల్లలు దాన్ని చూసి కళ్లు తుడుచుకున్నారు. మంచిదే. అయితే ఏడ్చిన పిల్లలను కూర్చోబెట్టి ‘మాయాబజార్’ కూడా చూపించండి. వీలైతే ఆమె దర్శకత్వం వహించిన చిత్రాల పేర్లు కూడా చెప్పండి. నష్టం లెక్క ఒక పేజీకే సరిపోతుంది, జమ లెక్కకు పుస్తకమంతా కావాలి.