అలలను పట్టిన ఆచార్యుడు – జగదీశ్ చంద్ర బోస్

మన సెల్‌ఫోన్లు మాట్లాడేది రేడియో తరంగాలతోనే. ఆ తరంగాలను మన గడ్డమీద లోతుగా పరిశోధించిన మహనీయుడు జగదీశ్ చంద్ర బోస్.

ఆయన 1858 నవంబరు 30న బెంగాల్‌లో జన్మించారు. తండ్రి డిప్యూటీ మేజిస్ట్రేటు. అయినా కొడుకును ముందు బెంగాలీ బడిలోనే చేర్పించారు. అక్కడ జాలరి కొడుకు పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నారు. ఇంగ్లాండులో చదువు ముగించి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులయ్యారు. భారతీయుడని ఆంగ్లేయుల కన్నా తక్కువ జీతం కట్టారు. బోసుగారు మూడేళ్లు పాఠాలు చెప్పారు గాని ఆ జీతం ముట్టలేదు. చివరికి ప్రభుత్వమే దిగివచ్చి బకాయిలతో సహా పూర్తి జీతం ఇచ్చింది.

1895లో కలకత్తా టౌన్‌హాలులో ఆయన పంపిన తరంగాలు గోడలు దాటి గంట మోగించాయి, తుపాకి మందును పేల్చాయి. 5 మిల్లీమీటర్ల పొడవున్న తరంగాలను కూడా ఆయన పుట్టించారు. అంటే 60 గిగాహెర్ట్జ్, సెకనుకు 6,000 కోట్ల కంపనాలు!

పొడవు తరంగం దూరం పోతుంది, గోడలు దాటుతుంది. పొట్టి తరంగాల పట్టీలో చోటెక్కువ, అందుకే ఎక్కువ డేటా మోస్తుంది, కాని దూరం పోలేదు. కనుకనే 2022లో మన దేశంలో 5జీ కోసం 700 మెగాహెర్ట్జ్, 3,300 మెగాహెర్ట్జ్, 26 గిగాహెర్ట్జ్ పట్టీలను వేలం వేశారు. మొదటిది విశాలమైన ప్రాంతాలకు, చివరిది జనం కిక్కిరిసిన చోట్లకు. పొట్టి తరంగాల ఈ బాటలో తొలి అడుగులు బోసుగారివే.

1937 నవంబరు 23న ఆయన కన్నుమూశారు. తెలుగు మీడియంలో చదివామని జంకే మనం ఆ బెంగాలీ బడినీ, ముట్టని ఆ జీతాన్నీ గుర్తుంచుకుందాం.