వేమన యోగి

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరములందలి మన రెడ్డికులజులు ప్రాతఃకాలమున టాంకుబండుకు వాహ్యాళి పోయి, 1986లో నిలిపిన వేమన విగ్రహమును బిడ్డలకుఁ జూపి, యీయన మనవాఁడని చెప్పుచుండుట మే మనేకపర్యాయములు వింటిమి.

వేమన కాలము పదునేడవ శతాబ్దియని పలువురందురు, నిశ్చయము లేదు. జన్మస్థానము కొండవీడని కొందఱు, కడపసీమయని కొందఱు. కదిరి ప్రాంతమందలి కటారుపల్లెలో నాతని సమాధి నేఁటికిని పూజలందుకొనుచున్నది. యౌవనమున భోగలాలసుఁడై ధనము పోనాడి, వదినెగారి నేర్పువలన విరక్తుఁడయ్యెనని కథ.

పిమ్మట నూరూరఁ దిరుగుచు నాటవెలఁదులతో లోకమును నవ్వించుచునే మందలించెను. మేడిపండు, వేము, ఉప్పు, కుక్క, చెప్పులోని ఱాయి, ఇవి యాతని యుపమానద్రవ్యములు. కాళిదాసుని యుపమలు వల్లించిన మావంటివార మాతని గ్రామ్యుఁడని చిరకాలము దూరముంచితిమి. పల్లెలోని పసులకాపరి మాత్రము మఱవలేదు. లోభియు, దొంగసన్న్యాసియు, పైమెఱుఁగుల పెద్దమనిషియు నాతని నోటఁ బడక తప్పించుకొనలేదు.

బ్రౌనుదొర వ్రాఁతప్రతులు సేకరించి 1829లో 693 పద్యముల నాంగ్లానువాదముతో ముద్రించెను. 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగా రుపన్యసించినపిదపఁ గాని పండితుల కన్నులు తెఱచుకొనలేదు.

పుట్టుకచేఁ దాను గొప్పవాఁడనుకొను మానవుని వేమన యెగతాళి చేసినంతగా మఱియెవ్వరును జేయలేదు. కులమహాసభ సంచికలో నీ వాక్యము వలదని యొక మిత్రుఁడు మమ్ముఁ గోరెను. మేము తీసివేయలేదు.