బాధితుల పక్కన నిలబడిన వకీలు – బొజ్జా తారకం గారు

ఈ నెల గోడపత్రికకు గొప్పవాళ్ల జీవితం రాయమన్నారు. అందరూ గాంధీ గారి గురించి, అల్లూరి గురించి రాస్తున్నారు. నేను బొజ్జా తారకం గారి గురించి రాస్తున్నాను. ఎందుకో చివర్లో చెప్తాను.

తారకం గారు 1939 జూన్ 27న తూర్పు గోదావరి జిల్లా కందికుప్ప గ్రామంలో ఒక దళిత కుటుంబంలో జన్మించారు. వాళ్ల నాయన అప్పలస్వామి గారు అంబేద్కర్ బాటలో నడిచిన మనిషి, శాసనసభ్యుడు. తారకం గారు లా చదివి వకీలు అయినారు. నిజామాబాదులో పనిచేసేటప్పుడు అంబేద్కర్ యువజన సంఘం పెట్టినారు. ఎమర్జెన్సీలో ఆయన్ను జైల్లో వేశారు. తర్వాత హైదరాబాదు హైకోర్టుకు పోయినారు. కవిత్వం కూడా రాసినారు. అన్నిటికన్నా నాకు నచ్చింది, పోలీసులు అరెస్టు చేస్తే అని పుస్తకం రాయడం. ఎవరినైనా పట్టుకుపోతే కారణం చెప్పాల, 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందర నిలబెట్టాల. ఈ హక్కు మనకు రాజ్యాంగంలోనే ఉంది. కానీ తెలియనోళ్లకు అది ఉన్నా లేనట్టే కదా.

1985లో ఆయన హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. అంటే ప్రభుత్వం తరపున వాదించే వకీలు. ఆ ఏడు జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఘోరం జరిగింది. దళితులు తాగే చెరువు నీళ్లను మురికి చేయొద్దని అడిగినందుకు గొడవ మొదలైంది. ఒక ఆడమనిషి బిందె ఎత్తి ఎదురు నిలబడింది. నీళ్ల విలువ మన ఆలూరు పక్కోళ్లకు ఒకరు చెప్పాల్నా? మరుసటి రోజు పెద్ద కులం వాళ్లు గుంపుగా వచ్చి దళితవాడ మీద పడినారు. ఆరుగురిని చంపేశారు. ఆడవాళ్లను కూడా వదల్లేదు. మిగిలినోళ్లు ప్రాణాలు చేతబట్టుకుని చీరాలకు పరిగెత్తినారు.

తారకం గారు ఆ ఉద్యోగానికి రాజీనామా చేసి బాధితుల దగ్గరికి పోయినారు. దళిత మహాసభ ఏర్పడితే దానికి అధ్యక్షుడైనారు. కేసు ఏండ్ల తరబడి నడిచింది. హైకోర్టులో కొట్టేసినా, 2008లో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవ శిక్ష, 29 మందికి మూడేళ్ల శిక్ష వేసింది. 23 ఏండ్లు పట్టింది. అన్నేండ్లు సాక్షులు మాట మార్చకుండా నిలబడాలంటే వాళ్ల పక్కన ఎవరో ఒకరు ఉండాల్సిందే.

1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అది మన ఎస్టీలకు కూడా. కులం పేరుతో నలుగురిలో తిట్టినా, కొట్టినా ఈ చట్టం కింద కేసు పెట్టొచ్చు. డీఎస్పీ విచారణ చేయాల. బాధితులకు సాయం డబ్బులు ఇయ్యాల. సాక్షులకు దారి ఖర్చులు కూడా ఇయ్యాల.

చట్టం వచ్చినాక కూడా 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి, గోనె సంచుల్లో కట్టి కాలవలో పడేశారు. కోర్టు మా ఊరికే రావాలని అక్కడి వాళ్లు పట్టుబట్టినారు. చివరికి ప్రత్యేక కోర్టు చుండూరులోనే పెట్టినారు. తారకం గారు ఈ కేసులో కూడా బాధితుల వెంట ఉన్నారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష పడింది. అయితే 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఇది చదివి నాకు చాలా బాధ అయింది. ఇంత చేసి ఏం లాభం అనుకున్నా. కానీ వాళ్లు ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకు పోయినారు. తారకం గారు 2016 సెప్టెంబర్ 16న హైదరాబాదులో కన్నుమూశారు.

ఇప్పుడు ఎందుకు రాసినానో చెప్తాను. మేము ఎరుకలోళ్లం. బ్రిటిష్ కాలంలో మా కులాన్ని పుట్టుకతోనే దొంగలని చట్టం చేసి రాసినారు. 1952లో ఆ చట్టం పోయింది. మాట మాత్రం పోలేదు. పోయిన ఎండాకాలం సెలవుల్లో ఊళ్లో ఎవరివో గొర్రెలు పోతే మా మామను కులం పేరు పెట్టి తిట్టి, స్తంభానికి కట్టేసి కొట్టినారు. గొర్రెలు రెండో రోజు చేన్లోనే దొరికినాయి. పెద్దమనుషులు రాజీ చేసి ఒక కాయితం మీద మామతో, మా నాయనతో వేలిముద్ర వేయించుకున్నారు. ఎవరూ చదివి చెప్పలేదు. సాయంత్రం ఆ కాయితం నేను చదివినా. ఏ గొడవా జరగలేదని, ఎవరూ ఎవరినీ కొట్టలేదని రాసి ఉంది. మా నాయన తల వంచుకుని కూర్చున్నాడు. మా ఇంట్లో చదువు వచ్చింది నాకొక్కదానికే. ఆ పొద్దు నేను అక్కడే ఉన్నా, ముందుకు పోయి కాయితం అడగడానికి భయపడినా.

తారకం గారి గురించి చదివినాక నాకు ఒకటి అర్థమైంది. చట్టం పుస్తకంలో ఉంటే చాలదు. దెబ్బలు తిన్నోళ్ల పక్కన కూర్చుని చదివి చెప్పే మనిషి ఉండాల. మనం అందరం వకీళ్లం కాలేకపోవచ్చు. కానీ ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఎవరైనా కాయితం తెస్తే, వేలిముద్ర వేయక ముందే గట్టిగా చదివి వినిపించండి. నేను కూడా ఈసారి భయపడను.

– 9వ తరగతి, బాలికల హాస్టల్, ఆలూరు